మొవ్వ పదములును మన పరిశోధకుల ప్రణాళికలును

పరిశోధనకు ధనసహాయము కోరువారు ఈ కాలమున తమ దరఖాస్తుతోడ నొక చిన్న పత్రమును జతపఱుపవలసి వచ్చుచున్నది. దానికి డేటా నిర్వహణ ప్రణాళిక యని పేరు. డేటా యను మాటకు దత్తాంశమని పండితులు తెలుగు చేసిరి; ఊరివారికి డేటా యనిననే తెలియును; ఆ కలహము మాకు వలదు. సేకరింపబోవు సమాచార మెట్టిది, దానిని ఏ రూపమున వ్రాసిపెట్టుదురు, ఎచ్చట దాచుదురు, ఎవ్వరికి చూపుదురు, పని ముగిసిన పిమ్మట అది యెవ్వరి యధీనమున నుండును అను ప్రశ్నలకు పని మొదలుపెట్టకమునుపే ఉత్తరము చెప్పుట ఈ పత్రము ప్రయోజనము. అమెరికాలోని జాతీయ విజ్ఞాన సంస్థ 2011 జనవరినుండి, తన సహాయము కోరు ప్రతివాడును రెండు పుటలకు మించకుండ దీనిని వ్రాసి యీయవలెనని నిర్బంధించినది. ఆరోగ్య పరిశోధనలకు ధనమిచ్చు అచ్చటి సంస్థలు 2023లో తమ నిబంధనలను మఱింత బిగించినవి. మన దేశమున ప్రభుత్వము చేతిలోని సమాచారమును ప్రజలతో పంచుకొనుటకై 2012లో నొక జాతీయ విధానము ఏర్పడినది. కాని యొంటరిగా ఊరూర తిరిగి పాటలు, కథలు, వ్రాతప్రతులు కూడబెట్టు పరిశోధకుని సంచిలోని సమాచారము సంగతి చాలవఱకు అతని మనస్సాక్షికే విడువబడుచున్నది.

ఈ పత్రము పేరెత్తినంతనే మన విద్వాంసులలో పలువురు మొగము ముడిచెదరు. ఇది గుమాస్తా పని యట. ధనమిచ్చువారి చాదస్తమట. గడువునకు ముందటి రాత్రి యొక స్నేహితుని పత్రమును తెచ్చి, పేరు మార్చి పంపిన చాలునట. మేమీ యభిప్రాయమును ఖండింపబూనితిమి. పరిశోధనలో మొదట వ్రాయవలసినది ఈ పత్రమే యనియు, దీనిని నిర్లక్ష్యము చేసినందువలన పోవునది పరిశోధకుని సొత్తుకంటె ముందు ఊరి సొత్తనియు మా వాదము. ఇందులకు సాక్ష్యము వెదకుచు అమెరికా పోనక్కఱలేదు; కృష్ణాజిల్లాలోని మొవ్వకు పోయిన చాలును.

మొవ్వ గోపాలుని ముద్రగా నిలిపి పదములు చెప్పిన క్షేత్రయ్య పదునేడవ శతాబ్దమువాడు. మధుర తిరుమలనాయకుని యొద్దను, తంజావూరు విజయరాఘవనాయకుని యొద్దను, గోలకొండ ప్రభువునొద్దను తాను చెప్పిన పదముల లెక్కను తానే యొక పదమున చెప్పుకొన్నాడు. ఆ లెక్కలన్నియు కూడినచో నాలుగువేలకు తక్కువ కాదు. నేడు మన చేతికి దక్కినవి మూడు నాలుగు వందలు. అనగా పదింట తొమ్మిది పాళ్లు పోయినవి. ఎవ్వరో దండెత్తివచ్చి వానిని తగులబెట్టిరను కథ యేదియు లేదు. పాడినవారు పాడిరి, విన్నవారు తలయూచిరి, ప్రభువులు సన్మానించిరి. ఆ వేలకొలది పదములు ఎచ్చట నుండవలెనో, ఎవ్వరు కాపాడవలెనో ఏర్పఱచిన జాడ మాత్రము కానరాదు. లెక్క మిగిలినది, లెక్కింపబడిన సొమ్ము పోయినది. ఖాతాపుస్తకము దొరకి ఇనుపపెట్టె ఖాళీగా కనబడిన షావుకారింటివలె నున్నది మన స్థితి.

ఆ మిగిలినవైనను ఎట్లు మిగిలెను? దక్షిణదేశమున దేవదాసీల కంఠములయందును, వారికి నేర్పిన నట్టువుల యిండ్లలోను, తాళపత్రములలోను చెదరి మిగిలెను. 1904లో ఎట్టయపురమున సుబ్బరామదీక్షితులుగారు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగులిపిలో అచ్చువేయించినప్పుడు కొన్ని పదములకు స్వరలిపి దక్కినది. మద్రాసులో వీణ ధనమ్మాళ్ గారి యింట ఆ పదములు ఎంతటి నిండుదనముతో నిలిచెనో సంగీతజ్ఞు లెఱుగుదురు. ఆమె 1938లో కీర్తిశేషురాలైనది. మన తీరమున కలావంతుల కుటుంబములలోని స్త్రీలు అవే పదములను అభినయముతోసహా నేర్చియుండిరి. వారిలో ఎవ్వరికి ఏ పదము వచ్చును, ఏ రాగమున వచ్చును, ఎవ్వరియొద్ద నేర్చిరి యని ఊరూర తిరిగి సకాలమున పట్టిక వ్రాసినవారు మిక్కిలి యరుదు.

1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీ సమర్పణమును నిషేధించుచు శాసనము చేసినది. ఆ శాసనము రావలసినదే. బాలికలను దేవునిపేర నొక వృత్తికి కట్టివేయు నాచారమును సమర్థింపబూనుట మా యుద్దేశము కాదు. కాని దురాచారమును తుడిచివేయుటకు సభలమీద సభలు చేసిన పెద్దలు, ఆ స్త్రీల కంఠములలోని విద్యను ఏ పుస్తకమున కెక్కింపవలెనో ఆలోచించుటకు ఒక్క సభ చేసియుండిన ఎంత బాగుండెడిది! ఇల్లు శుభ్రపఱుపబూనిన గృహిణి మొదట మూలనున్న నగలపెట్టెను తీసి అటకమీద పెట్టుకొని, పిదప చీపురు పట్టును. ఈ చిన్న సంగతి మన యిండ్లలోని స్త్రీలందఱు ఎఱుగుదురు. సభలలోని పురుషులకు తోచలేదు.

తాళ్లపాకవారి యింట జరిగినది వేఱు. అన్నమాచార్యులవారి సంకీర్తనలను కుమారుడు పెదతిరుమలాచార్యులు మొదలగువారు రాగిరేకులపై చెక్కించి, తిరుమల దేవాలయములోని సంకీర్తన భండారమను అఱలో భద్రపఱచిరి. ఏమి దాచవలెను, దేనిపై వ్రాయవలెను, ఎచ్చట నుంచవలెను అను మూడు ప్రశ్నలకును వారు ముందుగానే ఉత్తరము చెప్పుకొనిరి. ఇరువదవ శతాబ్దమున ఆ రేకులు పండితుల చేతికి వచ్చినప్పుడు పండ్రెండువేలకు పైబడిన సంకీర్తనలు లోకమునకు దక్కినవి. కృష్ణాతీరమున పెదకళ్లేపల్లిలో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వానిని పరిష్కరించి ప్రకటించినవారిలో నొకరు. మొవ్వకు కూతవేటు దూరము కాకపోయినను, ఆ పెదకళ్లేపల్లి మన సీమలోనిదే. తిరుమలలో దాచిన పాట కృష్ణాతీరపు పండితునికి అందినది. మొవ్వ గోపాలుని పాట మొవ్వకే అందలేదు.

అయితే రాగిరేకులయందును ఒక లోపమున్నది. దానిని కప్పిపుచ్చి మా వాదమును బలపఱుచుకొనుట న్యాయము కాదు. రేకుమీద సాహిత్యమున్నది, రాగము పేరున్నది. తాళము లేదు, స్వరము లేదు. నాటివారికి రాగము పేరు చెప్పినంతనే వరుస స్ఫురించెడిది కాబోలు. పాడువారి పరంపర తెగిన పిదప ఆ పేరు తాళపుచెవి పోయిన తాళమైనది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి మహావిద్వాంసులు క్రొత్తగా వరుసలు కట్టవలసివచ్చినది. నేటి శాస్త్రజ్ఞులు మెటాడేటా యని పిలుచునది ఇదియే: దాచిన వస్తువు ఏమిటో, ఎట్లు వాడుకొనవలెనో, దానిని మున్నెన్నడు ఎఱుగనివానికి తెలుపు వివరణము. తనకు తెలిసినది అందఱికి తెలిసియుండునని తలచువాడు ఈ వివరణమును వ్రాయడు. ప్రణాళిక వ్రాయించుటలోని గొప్ప యుపకారము, ఆ తలంపును ముందుగానే పోగొట్టుట.

వస్తువును దాచి, దాని వివరము తెలిసిన మనుష్యుని పోగొట్టుకొనుట మఱియొక విధమైన నష్టము. కర్నల్ కాలిన్ మెకంజీగారికై గ్రామగ్రామమున కైఫీయతులు వ్రాయించి తెచ్చుటలో కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కన్నులవంటివారు. బొఱ్ఱయ్య 1803లోనే గతించెను. 1821లో మెకంజీ మరణించిన పిదప ఆ సంచయమును ప్రభుత్వము లక్షరూపాయలకు కొన్నది. 1828లో విల్సను పండితుడు దానికి పట్టికను ప్రకటించెను. ఏ కాగితము ఏ గ్రామమున ఎవ్వరి నోట వచ్చినదో దగ్గఱనుండి చూచినవాడు లక్ష్మయ్య. తాను ఆ పనిని కొనసాగించెదనని ఆయన వేడుకొనగా, స్వదేశీయునికి అంతటి పని నడపు శక్తి యెక్కడిదని కలకత్తా ఆసియాటిక్ సంఘమువారు 1830వ దశకమున త్రోసిపుచ్చిరి. గుట్ట మిగిలినది, గుట్టు తెలిసినవాడు బయట నిలువబడినాడు. ఆ యహంకారము తెల్లదొరలతో పోయినదనుకొందుమా? నేడును మన విశ్వవిద్యాలయములనుండి వచ్చు పెద్దలు, ఊరిలో తమకు దారిచూపి, పాడువారిని పిలిచి, మాటలకు అర్థము చెప్పిన మనుష్యుని పేరు కృతజ్ఞతల పుటలోనైన వ్రాయక పోవుట ఉన్నదే!

ఆ కైఫీయతుల కాగితములు పురుగు పాలగుచుండగా సి. పి. బ్రౌను దొర వానిని మఱల ఎత్తివ్రాయించెను. కూచిపూడివారు విజయనగర ప్రభువునెదుట ప్రదర్శన మిచ్చిరని మాచుపల్లి కైఫీయతు చెప్పుచున్నదని మనము సగర్వముగా చెప్పుకొందుము. అట్టి మాట నేటికి మిగులుట ఇట్టి సేకరణల పుణ్యము. బ్రౌను 1820వ దశకమున బందరులో ఉద్యోగము చేసినవాడు. వేమన పద్యములమీద ఆయనకు మక్కువ కలిగినది ఆ కాలముననే. ఒక్కొక గ్రంథమునకు దొరకిన ప్రతులన్నిటిని తెప్పించి, పండితులకు తన జేబునుండి జీతములిచ్చి, పాఠములను పోల్పించి, భేదములు గుర్తింపించి, శుద్ధప్రతి వ్రాయించెను. 1845లో, ఇంకను ఈ దేశమున ఉద్యోగమునందుండగనే, రెండువేలకు పైబడిన ప్రతులను మద్రాసు సాహిత్య సంఘమునకు అప్పగించెను. తాను లేనప్పుడు ఇవి యెవ్వరివి యను ప్రశ్నను తాను ఉన్నప్పుడే తీర్చుకొన్నాడు. ఆయనకు డేటా నిర్వహణ ప్రణాళిక యను పేరు తెలియదు, పని తెలిసినది. మనకు పేరు తెలిసినది.

ఇక నేటి సంగతి. మొవ్వకును కూచిపూడికిని వచ్చు పరిశోధకులకు కొదవలేదు. కూచిపూడి భాగవతులలో ఒక్కొక కుటుంబము తనదైన భామాకలాపపు పాఠమును, తనదైన నడకను కాపాడుకొనుచు వచ్చినది. వచ్చినవారు కాఫీ త్రాగి, సెల్‌ఫోను ముందుంచి, పెద్దలచేత రెండు దరువులు పాడించుకొని, పాత నోటుపుస్తకముల పుటలకు ఛాయాచిత్రములు తీసికొని పోవుదురు. కొంతకాలమునకు వారికి డాక్టరు పట్టము వచ్చును. సిద్ధాంతవ్యాసము శోధగంగకు ఎక్కును. 2009 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నిబంధన వలన అట్టి వ్యాసములు లక్షల సంఖ్యలో అందఱికి అందుబాటునకు వచ్చినవి. అది మెచ్చదగిన పని. కాని ఆ వ్యాసమునకు ఆధారమైన పాట యేది? అది పరిశోధకుని పాత ఫోనులో, 'ఆడియో నలుబదియేడు' అను పేర నుండెను. పాడినవారు ఎవ్వరు, ఏ నాడు, ఏ రాగము, ఏ చరణము విడిచిరి యను సంగతి పరిశోధకుని జ్ఞాపకమున నుండెను. ఫోను మాఱినది. జ్ఞాపకము మాసినది. పాడిన పెద్దాయన పోయినాడు. వ్యాసములో 'క్షేత్రపర్యటనలో సేకరింపబడినది' అను రెండు మాటలు మాత్రము శాశ్వతముగా నిలిచినవి.

ఇది సాహిత్య పరిశోధకుల దోషమే యనుకొనరాదు. జంతువులను, మొక్కలను కొలిచి వ్రాసిన 516 వ్యాసముల రచయితలను అడిగి, వాని కాధారమైన కొలతలు ఇంకను ఉన్నవా యని వైన్సు మొదలగు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2014లో కరెంట్ బయాలజీ యను పత్రికలో ఫలితము ప్రకటించిరి. వ్యాసమునకు ఒక్కొక యేడు వయస్సు పెరిగినకొలది, ఆ కొలతలు మిగిలియుండు అనుకూలత నూటికి 17 వంతున తగ్గుచు వచ్చినదట. నాగరిక దేశముల ప్రయోగశాలల గతి యిట్లుండగా, తేమకు గోడలు చెమర్చు మన లంకగ్రామములలో క్యాసెట్టు టేపుమీద బూజు పట్టక యేమి చేయును?

మన భాషకు ప్రత్యేకమైన యాపద యొకటి కలదు. యూనికోడులో తెలుగునకు 1991లోనే చోటు దొరకినను, మన ముద్రణాలయములును, వానిని చూచి మన విద్యార్థులును, చాలకాలము అను మొదలగు వేఱువేఱు ఫాంటులలో అక్షరములు కూర్చిరి, ఇప్పటికిని కూర్చుచున్నవారున్నారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెఱచిన తెలుగక్షరమునకు మాఱుగా అర్థములేని గుఱుతులు వరుసలు తీఱును. ఇరువది యేండ్ల క్రిందట ఎంతో శ్రమపడి టైపుచేసిన పదముల సంపుటము, అందలి యక్షర మొక్కటియు చెడకయే, చదువరాని దగును. చెదపురుగు అంచులనుండి మొదలిడి తినుచు పోవును, హెచ్చరికగా పొడి రాల్చును. ఫాంటు పోయిన ఫైలు ఏ హెచ్చరికయు చేయదు. ఇంగ్లాండులో 1086 నాటి భూమిలెక్కల గ్రంథమునకు తొమ్మిదివందల యేండ్ల పండుగగా బి.బి.సి. వారు 1986లో లేజరుడిస్కులపై క్రొత్త లెక్కలు తయారుచేసిరి. పదునైదేండ్లు తిరుగునప్పటికి ఆ డిస్కులను చదువు యంత్రము దొరకుట దుర్లభమై, వానిని రక్షించుటకు వేఱుగా ప్రయత్నము చేయవలసివచ్చినది. తోలుపై వ్రాసిన పాత గ్రంథము మాత్రము నిక్షేపముగా చదువబడుచున్నది. అందుచేత ప్రణాళికలో 'తెలుగు పాఠమంతయు యూనికోడులో నుంచెదము. ఏ యొక్క కంపెనీ సాధనమునకును కట్టుబడని రూపమున నొక ప్రతి నుంచెదము' అను వాక్యము లేనియెడల దానిని తిప్పి పంపవలెనని మా మనవి.

మన ప్రణాళికలు ఎట్లు వ్రాయబడుచున్నవో యొక ముచ్చట చెప్పెదము. జానపద గేయముల సేకరణకై తయారైన యొక ప్రణాళిక మా కంటబడినది. అందు 'నమూనాలను శీతలపేటికలో భద్రపఱచి, ఉప్పదనమును వారమునకొకసారి పరీక్షింతుము' అని యుండెను. విచారింపగా అది రొయ్యల చెఱువుల నీటిని గూర్చిన పరిశోధనకై యెవ్వరో వ్రాసికొన్న పత్రమట. పేరు మాత్రము మాఱినది. వ్రాసినవాడు చదువలేదు, సంతకము చేసిన పెద్ద చదువలేదు, పుచ్చుకొన్నవారును చదువలేదు. ఊడ్పుపాటల ఉప్పదనమును వారు వారమువారము పరీక్షించుచున్నారో లేదో మాకు తెలియదు.

'నేను ఎండలో తిరిగి సేకరించితిని, ఇతరులకేల యీయవలెను? నా సొమ్ము కాజేసి వారు గ్రంథము వ్రాసికొనరా?' అని అడుగువారు కలరు. ఈ భయము నిరాధారము కాదు. చౌర్యము జరుగుచునే యున్నది. దానికి మందు దాచిపెట్టుట కాదు. ఎవ్వరు ఎప్పుడు సేకరించిరో వ్రాసి, ఒక గ్రంథభండారమున అప్పగించి, రెండేండ్లో మూడేండ్లో ఇతరులకు చూపరాదని గడువు పెట్టుకొనవచ్చును. ప్రణాళికలో అందులకు చోటున్నది. అప్పగించిన తేదియే సేకరించినవానికి సాక్ష్యమగును. సంచిలోని వస్తువునకు అట్టి సాక్ష్యము లేదు. మఱియు, నా సొమ్ము అను మాట కొంచెము ఆలోచించి పలుకవలెను. పాట పాడిన యామె నాలుకమీద అది ఏబదియేండ్లున్నది. పరిశోధకుని ఫోనులో ఏబది నిముసములున్నది.

ఇచ్చట మిక్కిలి సున్నితమైన విషయమొకటి కలదు. కలావంతుల కుటుంబములవారిలో పలువురు ఆ పూర్వవృత్తాంతమును పదిమందిలో తలచుకొన నొల్లరు. మనుమరాండ్రకు చదువులు, ఉద్యోగములు, గౌరవస్థానములు కలిగినవి. అవ్వ పాడిన పదము దక్కవలెను. అవ్వ పేరు, ఊరు లోకమునకు చాటుట ఆ కుటుంబమునకు ఇష్టము కాకపోవచ్చును. ఈ రెంటిని సమన్వయపఱచుట పరిశోధకుని వెన్నెముక వంటి ధర్మము. పాటను అందఱికి ఇచ్చి పేరును మూసియుంచవచ్చును. పేరు తెలుపు పట్టికను వేఱుగా తాళమువేసి ఉంచవచ్చును. ఇన్నియేండ్ల వఱకు తెఱవరాదని యామెచేతనే చెప్పించి వ్రాసికొనవచ్చును. కాని యివన్నియు పాడించుకొనక మునుపు అడుగవలసిన మాటలు. పాడించుకొని, వ్యాసము వ్రాసి, పట్టము పుచ్చుకొన్న పిదప, 'అవ్వా, నీకు సమ్మతమేనా?' యని పోవుటకు ఆ యవ్వ ఇంకను ఉండునా? 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా రక్షణ శాసనము పరిశోధనకు కొంత మినహాయింపు నిచ్చినది. శాసనము విడిచిపెట్టినంతమాత్రమున మర్యాద విడిచిపెట్టదు. వ్రాతరాని యామెచేత ఇంగ్లీషు కాగితముమీద వ్రేలిముద్ర వేయించుకొనుట సమ్మతి యనిపించుకొనదు. ఆమెకు తెలిసిన మాటలలో చెప్పి, ఆమె ఒప్పుకోలును ఆమె గొంతుననే ముద్రించుకొనుట మేలు.

మూసియుంచుట వేఱు, కత్తిరించుట వేఱు. ముద్దుపళని రాధికాసాంత్వనమును 1887లో అచ్చువేసినవారు పీఠికను, కొన్ని పద్యములను విడిచిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి అచ్చుప్రతితో పోల్చి చూచి, విడిచినవానిని చేర్చి 1910లో ప్రకటించిరి. మఱుసటియేట ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించినది. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. కందుకూరి వీరేశలింగముగారంతటి మహాపురుషుడు ఆ కావ్యమును తీవ్రముగా నిందించిరి. ఆయనకు మన సంఘము పడిన ఋణము తీఱునది కాదు. అయినను ఈ యొక్క విషయమున న్యాయము నాగరత్నమ్మగారి పక్షముననే యున్నదని మేము వ్రాయక తప్పదు. క్షేత్రయ్య పదములలోని శృంగారము కొందఱికి నచ్చకపోవచ్చును. నచ్చని పదమును పిల్లల పాఠ్యపుస్తకమున చేర్పకుడు. విన్నది విన్నట్లు వ్రాసిన మూలప్రతిని మాత్రము తాకకుడు. దిద్దుబాట్లన్నియు ఎత్తివ్రాసిన ప్రతిలో జరుగవలెను. ఎవ్వరు ఏ నాడు ఏమి దిద్దిరో ప్రక్కన వ్రాసియుండవలెను. వ్రాతప్రతి మిగిలియుండబట్టి నాగరత్నమ్మగారు పోల్చగలిగిరి. అది చింపివేయబడియుండిన ఆమె దేనితో పోల్చెడిది?

ఇక దాచు చోటు. 1864 నవంబరు ఒకటవ తేది రాత్రి బందరు ఉప్పెనలో సుమారు 30,000 ప్రాణములు పోయినవి. 1977 నవంబరు 19న దివిసీమపై పడిన ఉప్పెన వేలకొలది జనమును తుడిచిపెట్టినది. మనుష్యులే కొట్టుకొనిపోయిన చోట కాగితముల మాట యేమి? ఈ తీరమున నివసించు మనము, ఉన్న ప్రతులన్నియు ఒక్క యింట, ఒక్క బీరువాలో, ఒక్క హార్డుడిస్కులో నుంచి నిద్రపోవుట మతిలేని పని. మూడు ప్రతులుండవలెను, అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను, ఒకటైనను వేఱొక ఊర నుండవలెను అని పాశ్చాత్యుల లెక్క. మన సీమకు ఆ వేఱొక ఊరు తుపాను గాలి సోకని దూరమున నుండవలెనని మేము చేర్చుచున్నాము. బందరులో నొకటి, అవనిగడ్డలో నొకటి ఉంచి రెండుచోట్ల దాచితినని తృప్తిపడువాడు సముద్రమును ఎఱుగడు. అంతయు క్లౌడులో నున్నదను వారిని మేమొకటి అడుగుదుము: సంవత్సరపు రుసుము ఎవ్వరు కట్టుచున్నారు? ధనసహాయము మూడవయేట ముగియగా నాలుగవయేట ఎవ్వరు కట్టుదురు? రహస్యపదము పరిశోధకునికి గాక ఇంకెవ్వరికి తెలియును?

ధనము మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. ప్రయాణములకు, సభలకు, శాలువలకు అంకెలు వేయు దరఖాస్తులలో, ప్రతులు తీయుటకును, వివరణములు వ్రాయుటకును, అయిదేండ్ల వఱకు భద్రపఱచుటకును ఒక్క పైసా కనబడదు. పని పూర్తియైన పిమ్మట తీఱికగా చేసికొందమనుట ఇందులకు మూలము. ప్రతి సాయంకాలము దీపము పెట్టి ఆనాటి పాటలకు ఆనాడే పేరు, తేది, రాగము వ్రాసికొను వ్యక్తికి జీతము వేయవలెను. అది మూడవయేట ఒక్క నెలలో తీఱు పని కాదు. మఱియు ప్రణాళికలో పరిశోధకుని పిదప ఎవ్వరు బాధ్యులో ఒక మనుష్యుని పేరు గాని, గ్రంథభండారము పేరు గాని వ్రాయవలెను. వారి యొప్పుకోలు జతపఱుపవలెను. 'మా విభాగము కాపాడును' అనిన చాలదు. విభాగమునకు చేతులు లేవు.

చివరగా ఊరి ప్రతి. సేకరించిన ప్రతి పాటకును ఒక ప్రతి ఆ పాడినవారి యింటికి, వారు సమ్మతించిన ఇంకొకటి ఆ యూరి గ్రంథాలయమునకో పాఠశాలకో తిరిగి రావలెనని ప్రణాళికలోనే వ్రాయించవలెను. పెన్‌డ్రైవు చేతిలో పెట్టి నమస్కరించి పోవుట కాదు. దానితోడ తెలుగున అచ్చువేసిన పట్టిక యుండవలెను: పదము మొదటి మాట, రాగము, తాళము, పాడినవారు పేరు తెలుపుట కొప్పుకొన్నచో పేరు, నేర్చిన చోటు, తేది, మఱియొక ప్రతి ఏ ఊర ఏ భండారమున నున్నది. మూడు నాలుగు వందల పదములకు అట్టి పట్టిక యిరువది పుటలకు మించదు.